అలారం 'గో ఆఫ్' అయిందంటే మోగిందా, ఆగిందా? ఒక నర్సు లిజనింగ్ కేసు

విదేశాల్లో ఉద్యోగానికి సిద్ధమయ్యే నర్సులకు ఆస్పత్రి ఇంగ్లీషు నేర్పడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క విద్యార్థిని గురించి, అందులోనూ ఎక్కువ భాగం ఒకే ఒక్క క్రియ గురించి. ఆమె అనుమతి తీసుకున్నాను. ఊరు, వయసు, పనిచేసిన చోటు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. వార్డులో అందరూ పిలిచినట్టే ఇక్కడా ఆమెను సిస్టర్ అనే అంటాను.

నేపథ్యం

సిస్టర్ పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. తర్వాత బీఎస్సీ నర్సింగ్ చేసి, తొమ్మిదేళ్లు ఐసీయూలో పనిచేసింది. కేస్ షీటు ఇంగ్లీషులో రాస్తుంది, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించే హ్యాండోవర్ తెలుగు, ఇంగ్లీషు కలిపి ఇస్తుంది, పేషెంట్లతో తెలుగే. మన దగ్గర చాలామంది నర్సుల ఇంగ్లీషు ఇలాగే పెరుగుతుంది. మందుల పేర్లు, పరికరాలు, పరీక్షలు అన్నీ నాలుక మీద ఉంటాయి. కానీ ఒక పేషెంటు ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లీషులో తన బాధ చెప్పుకుంటే వినే అవకాశం ఎప్పుడూ రాదు.

బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఇంగ్లీషు వచ్చని రుజువు అడుగుతుంది. ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ ద్వారా వెళ్లేవాళ్లకు లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300 రావాలి. ఒక్కోదానికి గరిష్ఠం 500. సిస్టర్ అప్పటికి రెండుసార్లు రాసింది. రీడింగ్, రైటింగ్ గట్టెక్కాయి. లిజనింగ్ మొదటిసారి 310, రెండోసారి 320 వచ్చింది. స్పీకింగ్ 340 దగ్గర ఆగింది.

"వాళ్ల యాస అర్థం కావట్లేదు మేడమ్," అంది మొదటి రోజే. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం అదే. నేనూ నమ్మి, మొదటి వారమంతా రకరకాల బ్రిటిష్ యాసలు వినిపించాను. ఆ వారం వృథా అయింది.

అసలు సమస్య ఎక్కడ కనిపించింది

ఓఈటీ లిజనింగ్‌లో మొత్తం 42 ప్రశ్నలు. మొదటి భాగంలో రెండు సంభాషణలు ఉంటాయి. పేషెంటు మాట్లాడుతుంటే వింటూ నోట్సులో ఖాళీలు నింపాలి, రెండూ కలిపి 24. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు.

రెండో వారంలో ఆమె నమూనా పరీక్ష జవాబు పత్రాలు ఆరు పక్కపక్కన పెట్టుకుని చూశాను. యాస వల్ల వచ్చే తప్పులు పత్రమంతా అక్కడక్కడా చెదిరి ఉంటాయి. ఇవి అలా లేవు. వరసగా ఎనిమిది ఖాళీలు సరిగ్గా ఉన్నాయి, తర్వాత మూడు ఖాళీలు పూర్తిగా తెల్లగా ఉన్నాయి, మళ్లీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పులు గుంపులుగా పడుతున్నాయంటే, ఏదో ఒక మాట దగ్గర మనసు ఆగిపోతోంది, అది తేరుకునేలోపు రెండు మూడు వాక్యాలు దాటిపోతున్నాయి అని అర్థం. ఆ రికార్డింగుల రాతప్రతి తీసి ప్రతి గుంపు ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టాను. దాదాపు ప్రతిచోటా ఒక ఫ్రేజల్ వెర్బ్ ఉంది, అంటే గో, కమ్, పుట్ లాంటి చిన్న క్రియకు ఆఫ్, అప్, రౌండ్ లాంటి చిన్న మాట తగిలించినది. అన్నిటికంటే ఎక్కువసార్లు తగిలింది 'గో ఆఫ్'.

నిర్ధారణ కోసం ఒక రోల్ ప్లే పెట్టాను. నేను పేషెంటు కూతురిని, ఆమె నర్సు. "మమ్స్ గాన్ ఆఫ్ హర్ ఫుడ్, అండ్ ది అలారం ఆన్ దట్ పంప్ కెప్ట్ గోయింగ్ ఆఫ్ ఆల్ నైట్" అన్నాను. అమ్మకు అన్నం సయించడం లేదు, రాత్రంతా ఆ పంపు అలారం మోగుతూనే ఉంది అని ఆ కూతురి గోడు. సిస్టర్ చిరునవ్వుతో, ఎంతో మర్యాదగా, చాలా సంతోషం, ఏమీ కంగారు పడకండి అని ధైర్యం చెప్పింది.

రోల్ ప్లే ఆపి, నేనేమన్నానో తెలుగులో చెప్పమన్నాను. "అమ్మగారు భోజనానికి వెళ్లారు, రాత్రంతా అలారం ఆఫ్‌లోనే ఉంది అన్నారు కదా మేడమ్?"

ఆ జవాబు విని నాకు నిజంగా భయం వేసింది. నరంలోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు అలారం మోగితే లైన్ మూసుకుపోయి ఉండొచ్చు, లోపల గాలి చేరి ఉండొచ్చు, మందు అయిపోయి ఉండొచ్చు. తొమ్మిదేళ్ల అనుభవంలో ఆ శబ్దం వినగానే పరిగెత్తడం ఆమెకు అలవాటు. అలాంటి మనిషి, అదే సంగతి మాటల్లో చెబితే అంతా బాగుందనుకుంది. ఇది మార్కుల సమస్య మాత్రమే కాదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మొదటి ప్రయత్నం: అర్థాల జాబితా

చేతికి తేలిగ్గా దొరికే పద్ధతి ఇదే. 'గో ఆఫ్' అర్థాలన్నీ తెలుగులో రాసి ఇచ్చాను. బాంబు పేలడం, తుపాకీ పేలడం, అలారం మోగడం, లైటు ఆరిపోవడం, కరెంటు పోవడం, పాలు విరగడం, ఎక్కడికో వెళ్లిపోవడం, నిద్రలోకి జారుకోవడం, ఒకప్పుడు ఇష్టమైంది ఇప్పుడు గిట్టకపోవడం, తలపెట్టిన కార్యక్రమం సాఫీగా జరిగిపోవడం, అమెరికా వాడుకలో అయితే ఎవరి మీదైనా విరుచుకుపడటం. రెండు రోజుల్లో కంఠతా పట్టింది. అడిగితే వరస తప్పకుండా చెప్పింది.

తర్వాతి నమూనా పరీక్షలో అంతకుముందుకంటే తక్కువ వచ్చింది. ఎందుకో ఆమే చెప్పింది: "ఆ మాట వినపడగానే లిస్టు తెరుచుకుంటోంది మేడమ్. ఏడో అర్థం దగ్గరకు వెళ్లేసరికి పేషెంటు ఇంకేదో చెబుతున్నాడు." చదివేటప్పుడు జాబితా పనికొస్తుంది, వెనక్కి వెళ్లి చూసుకునే వీలుంటుంది కాబట్టి. ఒక్కసారే వినిపించే రికార్డింగ్‌లో అదే జాబితా అడ్డుగోడ అయింది. జాబితా ఇచ్చి నేను ఆ ఆగిపోవడాన్ని ఇంకా పొడిగించాను.

రెండో ప్రయత్నం: మూలార్థం

ఇన్ని అర్థాల కింద ఒకే బీజం ఉందని చూపిస్తే గుర్తుపెట్టుకునే భారం తగ్గుతుందనుకున్నాను. ఇంగ్లీషులో 'ఆఫ్' (off), 'ఆవ్' (of) పాతకాలంలో ఒకే మాట. దూరంగా, ఎడంగా అని దాని మూలార్థం. గుండు తుపాకీని వదిలి వెళ్లిపోతుంది, అక్కడి నుంచి పేలడం వచ్చింది. కీ ఇచ్చిన అలారం గడియారంలో బిగుసుకున్న స్ప్రింగు వేళకు వదులవుతుంది, గంట మోగుతుంది. పాలు మంచి స్థితి నుంచి పక్కకు తప్పుతాయి. ఇష్టమైన తిండి మీంచి మనసు తొలగిపోతుంది. సిస్టర్‌కు ఈ క్లాసు చాలా నచ్చింది. నాకూ నచ్చింది.

చివర్లో పరీక్షగా, "ది బజర్ వెంట్ ఆఫ్" అంటే ఏమిటన్నాను. "శబ్దం దూరంగా వెళ్లిపోయింది, అంటే ఆగిపోయింది," అంది వెంటనే.

తర్కంలో ఏ లోపమూ లేదు. నేను చెప్పిన సూత్రాన్నే సరిగ్గా వాడింది, తప్పు జవాబుకు చేరింది. అర్థం ముందే తెలిసినవాళ్లకు ఆ అర్థం ఎలా వచ్చిందో మూలార్థం వివరిస్తుంది. తెలియనివాళ్లకు దారి చూపించదు. లైటు విషయంలో ఆగిపోవడం, అలారం విషయంలో మొదలవడం: రెండూ ఒకే బీజం నుంచి వచ్చినప్పుడు, ఆ బీజం చూసి ఏది ఏదో ఎలా తేలుతుంది?

ఆమె తప్పు మళ్లీ మళ్లీ ఒకే వైపు పడటం అప్పుడు గమనించాను. ప్రతిసారీ ఆగిపోయింది అనే వైపే. తెలియని మాటకు ఊహించి చెబితే ఒకసారి అటు, ఒకసారి ఇటు పడాలి. ఎప్పుడూ ఒకే వైపు పడుతోందంటే ఆ మాట తనకు ముందే తెలుసని మనసు అనుకుంటోంది. ఎక్కడి నుంచి తెలుసు? తెలుగు నుంచి! 'ఆఫ్' మన ఇంట్లో మాటే. ఫ్యాన్ ఆఫ్ చెయ్యి, మోటారు ఆఫ్ అయింది, ఫోన్ ఆఫ్ అయిపోయింది. నర్సులకైతే వారానికోసారి వచ్చే ఆఫ్ కూడా ఉంది. ఆఫ్ చేశాను, ఆఫ్ అయింది అనే మన జంటకు ఇంగ్లీషులో టర్న్ ఆఫ్, గో ఆఫ్ జంట లైటు విషయంలో అచ్చంగా సరిపోతుంది. అక్కడ సరిపోయింది కాబట్టే అలారం దగ్గర అనుమానం రాలేదు. మనం "ఫోన్ ఆఫ్ అయింది" అంటే చార్జింగ్ అయిపోయిందని. బ్రిటిష్ మనిషి మీటింగులో తన ఫోన్ 'వెంట్ ఆఫ్' అన్నాడంటే అది అందరి ముందూ మోగిందని.

ఈ కేసులో నేను నేర్చుకున్న ముఖ్య సంగతి ఇదే. కొత్త మాట ఆమెను ఆపలేదు. పాత మాటే ఆపింది.

మలుపు

కొన్ని క్లాసులు ఆమె నైట్ డ్యూటీ విరామంలో ఫోన్లో జరిగేవి. ఒక రాత్రి మాట్లాడుతుండగా వెనకనుంచి బీప్ శబ్దం వచ్చింది. ఆమె ఫోన్ పక్కకు జరిపి ఎవరితోనో, "మూడో బెడ్ పంపు కొడుతోంది, చూడవా," అంది.

తిరిగి లైన్లోకి రాగానే అడిగాను: "పంపు ఎవర్ని కొడుతోందమ్మా?"

ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత నవ్వింది. ఆ రాత్రి పాఠం పక్కన పెట్టి 'కొట్టు' మీద కూర్చున్నాం. టెంకాయ కొడితే పగులుతుంది. టైరుకు గాలి కొడితే నిండుతుంది. చెట్టు కొడితే పడుతుంది. గోడకు సున్నం కొడతాం, పరీక్షలో కాపీ కొడతారు, సినిమా బోరు కొడుతుంది, బస్సు హారన్ కొడుతుంది, మూసిన గది కంపు కొడుతుంది. ఆమె ఇంకో పది చేర్చింది. వీటికి జాబితా ఎప్పుడైనా చదివావా అని అడిగాను. లేదంది. మరి ఎలా తెలుస్తోంది? చాలాసేపు ఆలోచించి, "ముందు టెంకాయ అని వినపడుతుంది కదా మేడమ్. కొట్టు అనేసరికి నాకు ముందే తెలిసిపోతోంది," అంది.

ఇంత మంచి సూత్రం నేను చెప్పగలిగేదాన్ని కాదు. అర్థాన్ని క్రియలో వెతకడం మానేసి పక్కనున్న నామవాచకంలో వెతకడం తెలుగులో ఆమె పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి ఆ నేర్పు వదిలేసి క్రియనే పట్టుకుని వేలాడింది. అలా పట్టుకోమని నేర్పింది మేమే, జాబితాలు ఇచ్చి.

పని చేసినది

ఆ తర్వాత 'గో ఆఫ్' అర్థం ఏమిటి అని ఎప్పుడూ అడగలేదు. రెండే ప్రశ్నలు అడిగాను: ఏది? ఆఫ్ తర్వాత ఇంకేమైనా ఉందా?

మొదటి ప్రశ్నకు జవాబు రెండు గంపల్లో పడుతుంది. అలారం, బజరు, బాంబు, తుపాకీ లాంటివి సిద్ధంగా, మౌనంగా కాచుకుని ఉంటాయి. అవి గో ఆఫ్ అయితే మోగుతాయి, పేలుతాయి. లైటు, హీటరు, కరెంటు మామూలుగా నడుస్తూ ఉంటాయి. అవి గో ఆఫ్ అయితే ఆగుతాయి. అనుమానం వస్తే, దాన్ని ఎవరైనా చేస్తే ఇంగ్లీషులో ఏమంటారో చూసుకోమన్నాను. లైటును టర్న్ ఆఫ్ చేస్తారు, అలారాన్ని సెట్ ఆఫ్ చేస్తారు. ఈ రెండు జంటలూ విడివిడిగా అలవాటయ్యాక ఆ పాత 'ఆఫ్ అయింది' పట్టు సడలింది.

రెండో ప్రశ్న కష్టం. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి అప్పటికే సమాచారమంతా చేతిలో ఉంటుంది. ఇంగ్లీషులో కర్త ముందొచ్చినా, 'గాన్ ఆఫ్ హర్ ఫుడ్' లాంటి చోట అసలు సంగతి ఆఫ్ దాటాక వస్తుంది. సిస్టర్ 'ఆఫ్' వినగానే అర్థం తేల్చేసేది. అక్కడ తేల్చొద్దు, ఒక్క మాట ఆగు అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పడం వల్ల పెద్దగా రాలేదు. రికార్డింగును 'ఆఫ్' దగ్గర ఆపి, తర్వాత ఏమి రావచ్చో ఊహించమని రోజూ పది నిమిషాలు చేయించడం వల్ల వచ్చింది.

మనిషి గురించిన వాక్యాలకు ఒంటరి మాటకు ఒంటరి మాట ఇవ్వకుండా, మన వార్డులో అదే సందర్భంలో అనే పూర్తి తెలుగు వాక్యం ఇచ్చాను. గాన్ ఆఫ్ హర్ ఫుడ్ అంటే అన్నం సయించడం లేదు. "ఇది రోజుకు పదిసార్లు వింటాను మేడమ్!" అంది. పాప గాన్ ఆఫ్ అంటే కునుకు పట్టింది. ఒకచోట మాత్రం జాగ్రత్త పడాల్సి వచ్చింది. బ్రిటిష్ ఆస్పత్రుల్లో పెద్దవాళ్ల గురించి 'గాన్ ఆఫ్ హిజ్ లెగ్స్', క్లుప్తంగా 'ఆఫ్ లెగ్స్' అంటారు. దాన్ని కాళ్లు పడిపోయాయి అనుకుంటే మన మనసు పక్షవాతం వైపు వెళుతుంది. నిజానికి నిన్నమొన్నటి దాకా నడిచిన మనిషి ఇప్పుడు లేచి నడవలేకపోతున్నాడని మాత్రమే ఆ మాట చెబుతుంది. కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, మందు పడకపోవడం కావచ్చు, స్ట్రోకూ కావచ్చు. కాబట్టి ఆ మాట విన్న నర్సు ఎప్పటి నుంచి, ఎక్కడైనా పడ్డారా అని అడగాలి.

చెవి సంగతి కూడా కొంత ఉంది. 'వెంట్ ఆఫ్' వేగంగా అంటే 'వెంటాఫ్' అవుతుంది. ఒక జవాబు పత్రంలో ఆమె టఫ్ అని రాసి ఉంది, ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. గానాఫ్, గోయింగాఫ్, వెంటాఫ్ మూడింటినీ ఆమె గొంతుతోనే రికార్డు చేయించి వినిపించాను. తన నోట పలికిన మాటను చెవి తొందరగా పట్టుకుంటుంది.

ఒక నిర్ణయం మీద మా మధ్య వాదన జరిగింది. స్పీకింగ్‌లో ఇలాంటి క్రియలు వాడితే మార్కులు పెరుగుతాయని ఆమె ఎక్కడో విన్నది. వద్దన్నాను. అర్థం చేసుకోవడం తప్పనిసరి, వాడటం అక్కర్లేదు. "ది మానిటర్ వెంట్ ఆఫ్" అంటే అలారం మోగిందా, తెర ఆరిపోయిందా? ఇంగ్లీషే పుట్టు భాష అయినవాళ్లు కూడా సందర్భం తెలియకపోతే మళ్లీ అడుగుతారు. మన 'మందు కొట్టాడు' లాంటిదే ఇది, పొలంలోనా, సాయంత్రం స్నేహితులతోనా తెలియాలి. అందుకే తను చెప్పేటప్పుడు అలారం మోగుతోంది, స్క్రీన్ ఆగిపోయింది అనే సూటి ఇంగ్లీషు మాటలే వాడమన్నాను. ఎదుటివాళ్లు గో ఆఫ్ అంటే, అలారం మోగిందనే కదా మీరంటున్నది అని తిరిగి అడిగి నిర్ధారించుకోమన్నాను. మొదట్లో అలా అడగడం ఆమెకు చిన్నతనంగా అనిపించింది. డాక్టరు ఫోన్లో మందు మోతాదు చెబితే తిరిగి చదివి వినిపిస్తావు కదా, అది చిన్నతనమా అని అడిగాక ఒప్పుకుంది.

ఫలితం

ఐదో వారానికి నమూనా పరీక్షల్లో తెల్ల ఖాళీల గుంపులు చాలావరకు పోయాయి. మూడో ప్రయత్నంలో లిజనింగ్ 360, స్పీకింగ్ 350 వచ్చాయి. స్పీకింగ్ గీత మీద ఆగింది, ఇంకో పది తక్కువైతే మళ్లీ రాయాల్సి వచ్చేది. అన్ని ఫ్రేజల్ వెర్బ్‌లూ లొంగలేదు. 'కమ్ రౌండ్' చివరిదాకా ఇబ్బంది పెట్టింది. స్పృహలోకి రావడం, ఇంటికి రావడం, మనసు మార్చుకుని ఒప్పుకోవడం మూడింటికీ కర్త మనిషే కాబట్టి 'ఏది?' అనే మొదటి ప్రశ్న అక్కడ పనిచేయదు. దానికి నా దగ్గర ఇప్పటికీ మంచి పద్ధతి లేదు, వాక్యాలు వినిపించడమే చేస్తున్నాను.

తర్వాత నా పనిలో మార్చుకున్నవి

కొత్తగా ఎవరొచ్చినా ముందు జవాబు పత్రంలో తప్పులు చెదిరి ఉన్నాయా, గుంపులుగా ఉన్నాయా చూస్తాను. గుంపులుగా ఉంటే యాస పాఠాలతో మొదలుపెట్టను. తప్పు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంటే, ఆ మాట తెలుగులో ఇప్పటికే ఉందేమో వెతుకుతాను. ఆన్, ఆఫ్, అప్, పాస్, కట్, ఫిట్స్ లాంటి మాటలు మన వాడుకలో ఒక అర్థానికి బిగుసుకుపోయాయి. వీటిని మొదటి వారంలోనే తిరగేసి చూపిస్తాను. జాబితా ఇవ్వడం పూర్తిగా మానలేదు, కానీ కోర్సు చివర్లో, విన్నవన్నీ ఒకచోట చూసుకోవడానికి ఇస్తున్నాను.

సిస్టర్ ఇప్పుడు బ్రిటన్‌లో ఒక వార్డులో పనిచేస్తోంది. చేరిన కొత్తలో ఒక వాయిస్ మెసేజ్ పంపింది. డ్యూటీలో ఉండగా సీనియర్ నర్సు గబగబా వచ్చి, "బెడ్ ఫోర్స్ గోయింగ్ ఆఫ్" అందట, నాలుగో బెడ్ పేషెంటు గురించి. అక్కడి వార్డుల్లో పేషెంటు పరిస్థితి దిగజారుతుంటే అనే మాట అది. ఆ అర్థం నేను ఆమెకు నేర్పలేదు, నా జాబితాలోనూ లేదు.

"ఏది అని అడుక్కున్నాను మేడమ్. మనిషి. ఆఫ్ తర్వాత ఏమీ లేదు. నిద్రపోతోంది అంటోందా అనుకున్నాను, కానీ నిద్రపోతే ఎవరైనా అంత కంగారుగా వచ్చి చెబుతారా? నడుస్తూనే, పేషెంటుకు తేడా చేసిందనా మీరంటున్నది అని ఇంగ్లీషులో అడిగాను. అవునంది. వెళ్లేసరికి బీపీ పడిపోతోంది. డాక్టరును పిలిచి, లైన్ పెట్టి, గంటలో నిలబెట్టాం."

ఆ అర్థాన్ని ఇప్పుడు నా కోర్సులో చేర్చాను. దాని పక్కన తెలుగు వాక్యం ఆమెదే: పేషెంటుకు తేడా చేసింది.